తాళము చేతికి వచ్చువఱకు

జనగామ ప్రాంతమున ఒగ్గుకథ మేళములో చేరగోరి వచ్చిన కుఱ్ఱవానికి మొదట వినవచ్చు మాట "జర ఓపిక వట్టు బిడ్డా" అనునదే. ఆ మాటలో ఆశీస్సెంత, దాటవేత యెంత యని విచారింపకయే మనము చిరకాలముగా ఓర్పును కీర్తించుచున్నాము గాని, ఆ ఓర్పు పట్టువాడు దినమెల్ల చేతులతో ఏమి చేయవలెనో చెప్పుట మఱచితిమి.

ఒకనాటి మల్లన్న పండుగరాత్రి నేను చూచినది చెప్పెదను. కథకుడు కాళ్ళకు గజ్జెలు, తలకు రుమాలు కట్టి, ఒక్క అడుగు వెనుకకు వేసి మల్లన్నయై, ముందుకు వేసి మేడలమ్మయై మాటలాడుచుండగా, డోలువాని వెనుక గోడ కానుకొని కూర్చున్న పండ్రెండేండ్ల బాలుడొకడు రెండు వ్రేళ్ళతో మోకాలిపై దరువు వేసికొనుచుండెను. పగలు పట్నమను ముగ్గు వేయువారికి బండారి, కుంకుమ, బియ్యపుపిండి గిన్నె లందించినవాడును వాడే. నడిరేయి దాటినపిమ్మట తాళగాడు దగ్గుతెర వచ్చి ఆగెను. బాలుని వ్రేళ్ళు మాత్ర మాగలేదు. కథకుడు కథ నాపకయే కనుసైగ చేసెను. తాళములు చేతులు మారినవి.

దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు, ఆయన 19 వేలకు పైగా ఆడిన ప్రదర్శనల లెక్క విని విస్తుపోయితిమి. తెర వెనుక కూర్చున్న రాత్రుల లెక్క నెవరు నడిగినవారు లేరు. పుట్టుకతోనే మేళము లభించిన బిడ్డకు ఆ నిరీక్షణము తల్లి చంకలోనే గడచిపోవును. వెలినుండి వచ్చువానికి ఆ దారి లేదు. మాణిక్యపురము చుక్క సత్తయ్య ఒగ్గుకథను పల్లె ముంగిళ్ళనుండి నగరవేదికల కెక్కించి 2017 నవంబరులో కన్నుమూసెను. ఆ వేదికలను చూచి ముచ్చటపడి వచ్చు నేటి పిల్లలలో వెలివారే హెచ్చు.

మహబూబాబాదు జిల్లా పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు దేవర మేడారమునకు తరలునపుడు డోలు మ్రోగించు కోయ యువకుని సంగతి వేఱు. ఆ మేడారమున జాతర రెండేండ్లకొకసారి వచ్చును. ఈసారి అవకాశము తప్పినచో మఱి రెండేండ్లు! అయినను ఆ గడువు అందఱికి తెలిసినదే. నడుమ గూడెములో పెండ్లిండ్లున్నవి, పండుగలున్నవి, డోలున్నది.

నా ఆక్షేపణ యెల్ల గడువులేని ఓపికపైననే. డోళ్ళు మోయుటకును, ఆటోలో సామాను సర్దుటకును రెండేండ్లు త్రిప్పుకొని, ఒక్క రాత్రియైన తాళ మందీయక, "వచ్చే ఏడు సూద్దాం తియ్" అను పెద్దలను నే నెఱుగుదును. అట్టివారిని విడిచి, అప్పుచేసి కీబోర్డు కొని, మూడు నెలలలో సొంత మేళము పెట్టు కుఱ్ఱవానిని తొందరగాడని తిట్టుటకు నాకు నోరు రాదు. రెండవ రాత్రి కథకు వానికి మాటలు చాలవన్న సంగతి తెలిసియు రాదు.

ఆ పండుగనాడు కోడికూత వేళకు దగ్గు తగ్గి తాళగాడు మరలి వచ్చెను. బాలుడు తాళములను అంగీకొంగున తుడిచి ఆయన చేతి కిచ్చి, గోడ కడకు పోయి కూర్చుండెను. వ్రేళ్ళు మరల మోకాలిపై ఆడసాగినవి.