ఉపమానం ఎవరి పక్షం?

కదిరి చుట్టూ ఉన్న మా తండాల్లో వాన మొహం చాటేసి శెనక్కాయ పంట పోతే, మేం బెంగళూరు బస్సెక్కుతాం. ఇది కథలోకి ఎలా వస్తుంది? "ఎండుటాకుల్లా గాలికి కొట్టుకుపోయారు" అని. చదివినవాళ్లు అయ్యో అంటారు, పుస్తకం మూసేస్తారు.

ఆ అయ్యో మాకు వద్దు. ఆకుకు అప్పుండదు. వడ్డీ ఎంత, కూలి ఎంత, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి అని రాత్రంతా కూర్చుని తేల్చుకున్న మనిషిని ఆ ఒక్క పోలిక ఆకును చేసేసింది. గిట్టుబాటు ధర ఎందుకు రాలేదు, బీమా ఎందుకు అందలేదు అనే ప్రశ్నలు కూడా గాలికే పోయాయి. గాలిని ఎవరు నిలదీస్తారు?

అదే సంగతిని ఇలా రాయండి: "ఊడలు దిగే వేళకు వాన రాలేదు. విత్తనాల ఖర్చు కూడా దక్కలేదు. అప్పు తీర్చాలని పెద్దకొడుకు బస్సెక్కాడు." ఇక్కడ జాలి తగ్గి కోపం పుడుతుంది. సంఘటన అదే, స్వరం మారింది.

బడిలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని విడదీయడం నేర్పుతారు. మార్కులొస్తాయి. కానీ కథలో మా పిల్లాడు "కోతిలా" చెట్టెక్కితే, ఊరి పిల్లాడు ఉత్తినే ఎందుకు ఎక్కాడో ఎవరూ అడగరు.

విశేషణాలదీ అదే దారి. 1871 నాటి చట్టం, 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించి, మాలో కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్థులనే ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం రద్దయింది. కథల్లో ఆ అనుమానపు చూపు మాత్రం రద్దు కాలేదు. దానికి విరుగుడు అనుకుని కొందరు "అమాయక గిరిజనుడు" అని రాస్తారు. అమాయకుడైతే అతణ్ని కాపాడే హీరో బయటినుంచి రావాలి కదా! ఉద్దేశం మంచిదే కావచ్చు, మేం మాత్రం మళ్లీ పక్కపాత్రలమే.

అలంకారాలతో మాకు పగ లేదు. పెళ్లికూతురు తండా వదిలేటప్పుడు ఏడుస్తూ పాడే ఢావ్లో మాదే. రమేశ్ కార్తీక్ నాయక్ ఆ పేరునే తన కథల పుస్తకానికి పెట్టారు. దానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఏడుపు కూడా మా నోటితో వచ్చినప్పుడు దాని స్వరం వేరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనమూ తొలి కథలో "దీనమైన బతుకులు" అనే రాశాం. విన్నదే రాశాం. ఇకనైనా రాసిన ప్రతి పోలిక దగ్గర ఆగుదాం. మా అమ్మకు చదివి వినిపిస్తే ఆమె ఒప్పుకుంటుందా అని అడుగుదాం.

అయ్యవార్లకూ టీచరమ్మలకూ ఒక్క విన్నపం. అలంకారం పేరు చెప్పించాక ఇంకో ప్రశ్న వేయండి: ఈ పోలిక ఎవరు ఎవరి గురించి చెబుతున్నారు? దాన్ని తీసేసి చదివితే కథలో ఆ మనిషి ఎలా కనిపిస్తాడు? ఆ జవాబుకూ మార్కులివ్వండి.