జాతియు క్లాసును ఒకటియేనా?

సంస్కృత విద్యకును కంప్యూటర్ విద్యకును పొత్తు కుదుర్చు ప్రసంగములలో ‘మన జాతియే వారి క్లాసు, మన వ్యక్తియే వారి ఆబ్జెక్టు’ అను మాట తఱచు వినవచ్చుచున్నది. ఈ సామ్యము బోధనకు ఉపకరించునదే కాని సిద్ధాంతముగా గ్రహింపదగినది కాదు.

నార్వే దేశీయులగు దాల్, నీగార్డ్ అను విద్వాంసులు నిర్మించిన సిములా 67 భాషలో ఈ భావనలు తొలుత రూపొందినవి. పిమ్మట స్మాల్‌టాక్, సి ప్లస్ ప్లస్, 1995లో వెలువడిన జావా వానిని వ్యాపింపజేసినవి. ఒకే తీరు వస్తువులకు ఏ గుణములుండవలెనో, అవి ఏ పనులు చేయవలెనో తెలుపు వివరణము క్లాసు. దానినిబట్టి పుట్టిన ఒక్కొక్క వస్తువు ఆబ్జెక్టు. ఘటత్వము, ఘటము మనకు స్ఫురించుట సహజమే.

అయినను భేదము మౌలికము. వైశేషికమతమున జాతి నిత్యము. ఘటము పగిలినను ఘటత్వము నశింపదు. క్లాసో, ప్రోగ్రామరు నేడు వ్రాసి రేపు మార్చునది. ఆకాశము ఒక్కటియే కనుక ఆకాశత్వము జాతి కాదు. ఒక్క ఆబ్జెక్టునకై క్లాసు వ్రాయుటకు మాత్రము అడ్డు లేదు.

ఉదయనాచార్యులు కిరణావళిలో చెప్పిన జాతిబాధకములలో సాంకర్యము మఱింత విచార్యము. భూతత్వము ఆకాశమున కలదు, మనస్సున లేదు. మూర్తత్వము మనస్సున కలదు, ఆకాశమున లేదు. పృథివ్యాదులు నాలుగింటను రెండును కలవు. ఇట్టి ధర్మములు ఉపాధులే కాని జాతులు కావు. జావాలోను ఒక క్లాసునకు నేరుగా ఒక్క మాతృక్లాసే ఉండును. అడ్డముగా ప్రసరించు ధర్మములకు ఇంటర్‌ఫేసు అను వేఱు ఏర్పాటు కలదు. సి ప్లస్ ప్లస్‌లో ఈ నియమము లేదు. నవ్యనైయాయికులలోను కొందఱు సాంకర్యమును బాధకముగా అంగీకరింపరు. కాని ఫలము పోలినంతమాత్రమున హేతువు ఒకటి కాదు: నైయాయికుల వివాదము పదార్థస్వరూపమును గూర్చినది, భాషానిర్మాతలది రచనాసౌకర్యమును గూర్చినది.

కావున క్లాసును తెలుగున ‘జాతి’ యని అనువదింపరాదు. ‘వర్గము’ అనుట మేలు. ఒక్కసారి పరిభాష కలగాపులగమైనచో, తర్కసంగ్రహము చదువు విద్యార్థికి జాతి యనగా మనుష్యకల్పితమను భ్రాంతి కలుగును. ఆపై సమవాయమేల, నిత్యత్వమేల యను ప్రశ్నయే పుట్టదు. అధ్యాపకులు ఈ పోలికను విడువనక్కఱలేదు. దానితోపాటు భేదమును కూడ నల్లబల్లపై వ్రాయవలెను. ‘ఇది మనకు ఎన్నడో తెలిసినదే’ యను తృప్తి విచారమునకు ముగింపు. ‘ఇది ఎంతవఱకు అదియే?’ యను ప్రశ్న విచారమునకు ఆరంభము. శాస్త్రగౌరవము రెండవదానివలననే నిలుచును.