గృహమున దయ: మనము పిలుచు పిలుపు



ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదులలో బెజవాడ చెంతనున్న గుణదల కొండకు ఇసుక వేసిన రాలనంత జనము వచ్చును. 1924లో ఫాదర్ అర్లాటి యను ఇటలీ దేశపు గురువు ఆ కొండగుహలో లూర్దుమాత స్వరూపమును నిలిపెను. క్రైస్తవులే కాక హిందువులును వచ్చి కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలిచ్చి పోవుదురు. ఈ సందడి మీరెఱిగినదే. ఆ మాత కథలో మన వంటయింటికి పనికివచ్చు చిన్న సంగతి యొకటి కలదు. దానిని తలంచువారు మాత్రము తక్కువ.

ఫ్రాన్సు దేశమున లూర్దు అను చిన్న పట్టణములో 1858లో దర్శనము పొందిన బెర్నదెత్తు పదునాలుగేండ్ల బాలిక. తండ్రి పిండిమర నడిపి చితికినవాడు. ఒకప్పుడు చెఱసాలగా నుండిన ఒంటిగదిలో ఆ కుటుంబమంతయు కాపురముండెను. పిల్లకు చదువు రాదు. అట్టిదానిని గౌరవించి పిలుచువారెవరు? ఫిబ్రవరి 18వ తేదిన అమ్మ మొదటిసారి మాటలాడి, ఆ యూరి పల్లెభాషలోనే ఆమెను "మీరు" అని సంబోధించి, పదునైదు దినములు ఇచ్చటికి దయచేయుదురా యని యడిగెనట. ఆ మర్యాద బెర్నదెత్తునకే వింత గొలిపెను.

ఇక మన యిండ్లు చూడుడు. ఉదయమున కుటుంబప్రార్థన ముగించి "ఆమెన్" అన్న నాలుకయే, అంట్లు తోముటకు వచ్చిన ముదుసలిని "ఏమే, ఇంతసేపా?" అని గద్దించును. అది విని మన పదేండ్ల పిల్లవాడును ఆమెను "ఏమే" యనును! ఆమె కాఫీ త్రాగు గ్లాసు గూటిలో వేఱుగా నుండును. ఆదివారము నాడు మాత్రము ఆమెయు మనమును ఒకే సత్ప్రసాదమును పుచ్చుకొందుము.

మర్యాద చేసిన పనివారు నెత్తికెక్కుదురని కొందఱు పెద్దలందురు. ఆ వాదము నాకు నచ్చదు. జీతము కోయుటయు, పండుగనాడు సెలవీయకుండుటయు ఆ మాట చాటుననే జరుగుచుండును. "మామ్మా, వచ్చితివా, ముందు ఈ కాఫీ త్రాగుము" అనుటకు ఎంత వ్యయమగును? ఆ మాటతో ఆమె మొగము విప్పారుటయే కాదు, మన మనస్సులోని చిటపటయు చల్లారును. ప్రార్థనలో అడిగిన సంతోషము పలుమారు పెరటి గుమ్మమునుండియే లోనికి వచ్చుచున్నది.

పిల్లలకు మామ్మ, అత్త, అక్క యని పిలుచుట నేర్పుడు. ఆ వేఱు గ్లాసును గూటిలోనుండి తీసివేయుడు. వచ్చు ఫిబ్రవరి 11వ తేదిన అంట్లు మనమే తోముకొని, దారిఖర్చులిచ్చి ఆమెను గుణదలకు పంపుదము. ఆ దినపు జీతము కోయరాదు సుమా!