ఇంజను ఎవరిది?

ఇటీవల మేము సకుటుంబముగా బెంగుళూరు పోయినపుడు, పాత విమానాశ్రయపు దారిలోనున్న హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థవారి విమాన ప్రదర్శనశాలను చూచితిమి. 2001లో వెలసిన యీ శాలయందు, 1940 మొదలు మనదేశమున సాగిన విమాననిర్మాణ చరిత్రను ఛాయాచిత్రములతోను, నమూనాలతోను, అసలు విమానములతోను పొందుపరచియున్నారు. సెలవుదినములగుటచే పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన గృహస్థులతో ఆవరణము నిండియుండెను. ఆరుబయట నిలిపిన యుద్ధవిమానములలో నొకదాని పేరు మారుత్ అని చెప్పగానే, వేదమునందలి మరుత్తులు తలపునకు వచ్చిరి కాబోలు, మా తల్లిగారు చేతులు జోడించిరి. మా చిన్నవాడు దానిముందు నిలిచి ఫొటో తీయించుకొనెను. లోపలి భాగములు కనబడునట్లు ఇంజనులను కోసి యుంచిన గదిలో పండ్రెండేండ్ల మా అమ్మాయి ఆగి, "నాన్నగారూ, ఆ మారుత్ ఇంజను మనవాళ్లదేనా?" అని యడిగెను. ఇచ్చట కూర్చినను దాని రూపకల్పన ఆంగ్లేయులదని చెప్పితిమి. "మరి ఇప్పటి తేజస్‌ది?" అమెరికావారిదని చెప్పవలసివచ్చెను. అమ్మాయి మరేమియు అడుగలేదు. ఆ ప్రశ్న మమ్ము మాత్రము నేటికిని విడువలేదు.

ఆ శాల చూపు చరిత్ర గర్వింపదగినదే. 1940 డిసెంబరులో వాల్చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానము తోడ్పాటుతో, బెంగుళూరున విమాన కర్మాగారమును స్థాపించెను. మరుసటి సంవత్సరమే అచ్చట కూర్చిన శిక్షణవిమానము ఎగిరినది. 1942లో ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొనెను. పిదప యుద్ధము ముగియువరకు అది ప్రధానముగా మిత్రరాజ్యముల విమానములకు మరమ్మతుశాలగా నుండెను. స్వాతంత్ర్యానంతరము 1951లో, ఘాటగే గారి నాయకత్వమున మనవారే రూపొందించిన ఎచ్.టి.-2 శిక్షణవిమానము గాలిలోనికి లేచెను. మన వైమానికులనేకులు దానిపైననే ఓనమాలు దిద్దిరి. దాని దేహము మనది, ఇంజను ఆంగ్లేయులది.

ఈ లోపము ఎంత ఖరీదైనదో మారుత్ చరిత్ర చెప్పును. జర్మను నిర్మాత కుర్ట్ టాంక్ 1956లో మనదేశమునకు వచ్చి, భారతీయ ఇంజనీర్లతో కలసి దానిని రూపొందించెను. 1961 జూన్ 17న అది తొలిసారి ఎగిరెను. ధ్వనివేగమునకు రెట్టింపు వేగమున పోవలెనని దాని ఆకృతి నిర్ణయింపబడినది. అందులకు తగిన ఇంజనును ఆంగ్లదేశమున సిద్ధపరుపవలసియుండగా, ఆ ప్రభుత్వము దానిని విడిచిపెట్టెను. ఆ వ్యయమును తాను భరించి సాధించుటకు మన ప్రభుత్వమును ముందునకు రాలేదు. ఈజిప్టులో తయారగుచుండిన మరియొక ఇంజనుతో పరీక్షలు జరిగెను, అదియు ఫలింపలేదు. తుదకు తేలిక విమానములకు వాడు ఆర్ఫియస్ ఇంజనులు రెండింటిని అమర్చిరి. మారుత్ ధ్వనివేగపు సరిహద్దుకడనే నిలిచిపోయెను. అయినను 1971 యుద్ధమున రాజస్థాన సరిహద్దున అది నిర్వహించిన పాత్ర కొరగానిది కాదు. 147 విమానములు నిర్మింపబడెను; 1990 నాటికి అది సేవనుండి తొలగెను. సమర్థమైన దేహమునకు తగిన హృదయము దొరకకపోవుటయే దాని కథ.

ఆ పాఠమును మనము నేర్చితిమా? మారుత్ తరువాత మన వైమానిక దళమునకు వెన్నెముకయైన మిగ్-21 రష్యావారిది. 1963లో వచ్చి, 2025 సెప్టెంబరు 26న చండీగఢున వీడ్కోలు పొందునంతవరకు అది మనకు సేవ చేసెను. దాని ఇంజనులను మన తెలుగునాటి పొలిమేరలోని కోరాపుట్‌న లైసెన్సుపై తయారుచేసితిమి. దానివలన చేతిపని వచ్చినది. రూపకల్పనా రహస్యము రాలేదు. వంటవాడు చెప్పినట్లు వండుట వేరు, వంట నేర్చుట వేరు.

తేజస్ విషయమున మన ప్రభుత్వము ముందుగనే మేల్కొనకపోలేదు. 1989లోనే దానికై కావేరి అను ఇంజను నిర్మాణమునకు అనుమతి లభించెను. కాని అది కోరిన బలమునందుకొనలేదు, బరువును మించిపోయెను. 2001 జనవరి 4న తేజస్ అమెరికా ఇంజనుతోనే ఎగిరినది. 2008లో కావేరిని ఆ విమానమునుండి వేరుచేసిరి. ఫలితమేమి? 2021లో 83 తేజస్ విమానములకు ఒప్పందము జరిగెను. వానికై 99 ఇంజనులను కోరగా, అందు మొదటిది 2025 మార్చిలోగాని మనకు చేరలేదు. దేహములు సిద్ధమగుచుండ, ఇంజనులకై ఎదురుచూచుట మన వంతయ్యెను. విక్రేతయొక్క కర్మాగారపు చిక్కులు మన గగనరక్షణకు చిక్కులగుట స్వతంత్రరాజ్యమునకు శోభింపదు.

కొనుటయే చౌక గదా యని వాదించువారున్నారు. శాంతికాలమున వారి లెక్క సరియే. కాని ఇంజను ఒకసారి కొని మరచునది కాదు. దాని విడిభాగములు, మరమ్మతులు, మార్పులు ఆ విమానమున్నంతకాలమును విక్రేత చేతిలోనుండును. మన విమానమును మరియొక దేశమునకు అమ్మదలచినను అతని సమ్మతి కావలసియుండును. మరమగ్గము మనదైనను నూలు పరులదైనచో ఆ వస్త్రమును స్వదేశియని యెట్లందుము?

ఇది సులభకార్యమని మేమనము. నేటి ఉత్తమ యుద్ధవిమానపు ఇంజనులో మండు వాయువు 1500 డిగ్రీలు మించియుండును. నికెల్ లోహము 1455 డిగ్రీలకడనే కరగును. ఆ వేడిలో, ఆ వేగమున తిరుగు రెక్కలు కరగకుండుటకు వాని లోపల సన్నని గాలిదారులు తొలువవలెను. ఒక్కొక్క రెక్కను ఒకే స్ఫటికముగ పోతపోయవలెను. ఇట్టి విద్య గల దేశములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారెవ్వరును దానిని ఉదారముగ పంచిపెట్టరు.

అయినను నిరాశకు తావులేదు. ఈ విద్యకు మూలమైన లోహశాస్త్రము మన హైదరాబాదులోనే వేరూనినది. అచ్చటి రక్షణ లోహపరిశోధనాలయము అట్టి ఏకస్ఫటికపు రెక్కలను సాధించి, హెలికాప్టరు ఇంజనుకొరకు 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారికి అందజేసినట్లు 2021లో ప్రకటింపబడినది. 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ ప్రత్యేక మిశ్రలోహములను అచ్చటనే తయారుచేయుచున్నది. మానవరహిత లక్ష్యవిమానమునకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తామే ఇంజను రూపొందించియున్నారు. కావేరిపై చేసిన కృషియు మానవరహిత విమానములకు అక్కరకు రానున్నది. ఇవి చిన్న మెట్లే; ఎక్కవలసిన మెట్లును ఇవియే.

ఫ్రాన్సు సంస్థయగు సఫ్రాన్‌తో కలసి యుద్ధవిమానపు ఇంజనును దేశమునందే రూపొందింప సంకల్పించితిమని రక్షణమంత్రి శ్రీ రాజనాథ్ సింగ్ 2025 ఆగస్టులో ప్రకటించిరి. ఈ సంకల్పమును మేము స్వాగతించుచున్నాము. కాని మాట సాయము వేరు, విద్యాదానము వేరు. వేడిమినెదుర్కొను భాగముల రూపకల్పనయు, లోహములును, మార్చుకొను హక్కును మనకు దక్కని యొప్పందము మరియొక కోరాపుట్ మాత్రమే యగును. రెండవది, ఓర్పు. ఇంజను పది బడ్జెట్లలో పండని పైరు. ఒక యేట నీరుపోసి మరుయేట మరచినచో మొక్క బ్రదుకదని మన పాఠకులలోని కృషీవలులకు చెప్పనక్కరలేదు.

ప్రదర్శనశాల నిర్వాహకులకు మా విన్నపమొకటి. మారుత్ ప్రక్కన, అది ఎందుకు తన లక్ష్యమును చేరలేదో నాలుగు పంక్తులలో, పిల్లలకు తెలియునట్లు వ్రాయించుడు. విజయమును మాత్రమే చూచిన బాలుడు ఫొటోతో ఇంటికి పోవును. వైఫల్యపు కారణమును తెలిసికొన్న బాలుడు ప్రశ్నతో పోవును. పాఠక మహాశయులును బెంగుళూరు పోయినపుడు పిల్లలతో అచ్చటికేగి, ఇంజనుల గదిలో కొంత సేపు నిలువవలెనని కోరుచున్నాము. లోహశాస్త్రము చదువుదునని పిల్లవాడన్నచో, అందేమి జీతమని అడ్డుపడకుడు. మా అమ్మాయి యడిగిన ప్రశ్నను రేపు ఆమె బిడ్డ యడిగినపుడు, "మనదే" యని చెప్పగల దినము వచ్చుగాక!