అనుమతి పత్రంలో ఎవరి సంతకం?

పోయిన నవంబరులో ఒక సాయంత్రం తిరుపతిలో మా ఇంటికి ఒక పి.జి. విద్యార్థిని వచ్చింది. చలికాలం సెలవుల్లో యూరప్‌లోని చారిత్రక నగరాలు చూసి వచ్చే అధ్యయన యాత్రకు ఆమె ఎంపికైంది. ఖర్చులో ఎక్కువ భాగం స్కాలర్‌షిప్పే భరిస్తుంది. "మా నాయన సంతకం పెట్టనంటా ఉండాడు మేడం. మీరన్నా ఒక మాట చెప్తారా?" అంది. ఆమెకు 22 ఏళ్ళు. కళాశాల ఇచ్చిన ఫారంలో మాత్రం 'తండ్రి లేక భర్త సంతకం' అని ఒక గడి ఉంది. ఆమెతోపాటు ఎంపికైన అబ్బాయిల ఫారాల్లో ఆ గడి ఖాళీగా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు.

మదనపల్లె వైపు ఉన్న వాళ్ళ ఊరికి వెళ్ళాను. తండ్రి టమోటా రైతు. చెడ్డవాడేం కాదు, కూతురి చదువు కోసం అప్పు చేసినవాడు. "ఆడపిల్లను అంత దూరం పంపితే ఊర్లో ఏమనుకుంటారమ్మా? రేపు సంబంధం వచ్చినోళ్ళు అడిగితే ఏం చెప్పేది?" అన్నాడు. మేం కూర్చుని మాట్లాడుకుంటున్న మిద్దె, కువైట్‌లో 11 ఏళ్ళుగా ఇంటిపని చేస్తున్న ఆయన చెల్లెలు పంపిన డబ్బుతో కట్టింది. ఆమెను ఒంటరిగా విమానం ఎక్కించిన రోజున ఊరు ఏమనుకుంటుందోనని ఎవరూ జంకలేదు.

పాత చిత్తూరు, కడప జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. స్త్రీ కూలికోసం సముద్రం దాటితే అది కుటుంబం కోసం చేసిన త్యాగం. చదువుకోసం, తన కళ్ళతో లోకాన్ని చూడటం కోసం దాటితే అది తెగింపు. పితృస్వామ్యానికి స్త్రీ ప్రయాణంతో పేచీ లేదు. ఆ ప్రయాణం ఆమె సొంతానికి ఉపయోగపడటంతోనే పేచీ.

స్త్రీలు గడప దాటడం మనకు కొత్త కాదు. బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని, శిరోముండనానికి ఒప్పుకోక, పుట్టిన ఊరు వదిలి తిరుమల చేరిన తరిగొండ వెంగమాంబ ఈ మట్టిలో పుట్టిన కవయిత్రే. ఈనాడు తిరుమలలో ఆమె పేరున్న అన్నప్రసాద కేంద్రంలో భోంచేసే వేలమందిలో ఆమె ధిక్కారాన్ని తలుచుకునేవారెందరు? మద్రాసు నుంచి పోతం జానకమ్మ రాఘవయ్య 1870లలోనే ఇంగ్లండు వెళ్ళి వచ్చి, చూసినదంతా రాసింది. ఆ యాత్రాకథనం 1876లో ఇంగ్లీషు పుస్తకంగా అచ్చయింది. దాదాపు 150 ఏళ్ళ తర్వాత ఒక పి.జి. విద్యార్థిని సంతకం కోసం ఏడవాల్సి రావడం మన ప్రగతికి కొలమానం కాదా?

చట్టం ఏమంటోంది? దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. విదేశాలకు వెళ్ళే హక్కు 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ హక్కును మరింత బలపరిచింది. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఉంటే చాలని 2016 డిసెంబరులో కేంద్రం నిబంధన మార్చింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఛార్జీ అడ్డు కొంత తొలగింది. గడప అడ్డు ఇంకా తొలగలేదు.

చివరికి మా విద్యార్థిని సమస్యను ఆ మేనత్తే తీర్చింది. కువైట్ నుంచి ఫోన్ చేసి, "నన్ను పంపినప్పుడు లేని భయం ఇప్పుడెందుకన్నా?" అని అడిగిందట. ఆయన సంతకం పెట్టాడు.

ఆ అమ్మాయి వెళ్ళి వచ్చింది. ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయం చూసింది. 1678లో ఎలెనా కార్నారో పిస్కోపియా అనే స్త్రీ డాక్టరేట్ అందుకున్నది అక్కడే. అలాంటి యూరప్‌లోనే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తిస్థాయి డిగ్రీలు ఇవ్వడానికి 1948 దాకా ఆగింది. హక్కులు ఎక్కడా వాటంతట అవి రావని ఈ రెండు తేదీలూ చెబుతాయి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాల ముందు నిలబడి, "మన రాళ్ళు ఇక్కడికెట్లా వచ్చినాయి మేడం? నేను అమరావతే చూడలేదు" అనుకుందట. అధ్యయన యాత్ర చేసే పని ఇదే. పాఠంలో చదివినదాన్ని ప్రశ్నగా మార్చడం.

ఆ యాత్రకు ఎంపికైన అమ్మాయిలు ఇద్దరు. వెళ్ళింది ఒక్కరే. రెండో అమ్మాయికి మాట చెప్పే మేనత్త లేదు. మేనత్త మంచితనం మీద ఆధారపడేది హక్కు ఎలా అవుతుంది?

అందుకే మేజరైన విద్యార్థినుల ఫారాల్లోంచి 'తండ్రి లేక భర్త సంతకం' గడిని తీసేయాలని ప్రతి కళాశాలనూ అడుగుదాం. విద్యార్థినుల అధ్యయన యాత్రలకు బడ్జెట్‌లో విడిగా నిధులు అడుగుదాం. మన సంఘాల్లోని కిశోర బాలికల్ని ముందు చంద్రగిరి కోటకు, గుడిమల్లానికి, అమరావతికి మనమే తీసుకెళదాం. దూరాలు దాటే అలవాటు దగ్గరి ఊళ్ళతోనే మొదలవుతుంది.