బ్యాక్ నొక్కితే ఫారం పోవాలా?

దిల్‌సుఖ్‌నగర్‌లో యాప్‌ల తయారీ నేర్చుకుంటున్న మిత్రులకు, మా పూర్వ విద్యార్థులకు మేము చేసే మనవి ఒకటే. స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే తేదీ కోసం డైలాగ్ బాక్స్ తెరుచుకుంటుంది. దాన్ని మూయాలని బ్యాక్ నొక్కితే కొన్ని యాప్‌లలో ఫారమే మాయమవుతుంది. ఆఖరి రోజున ఒకే ఫోన్‌తో నలుగురం వంతులవారీగా నింపుకునే మాకు అది చిన్న నష్టం కాదు.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడం మరిచిపోతే మూసారాంబాగ్ నుంచి ఒక్క స్టేషన్ వెనక్కి వస్తాం. మళ్లీ ఎల్బీనగర్ నుంచి బయలుదేరం కదా! బ్యాక్ కూడా అంతే. చివర తెరుచుకున్నదే ముందు మూతపడాలి: బాక్స్ ఉంటే బాక్స్, లేకుంటే స్క్రీన్. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక అంచున వేలు జరిపినా బ్యాక్ అవుతోంది. అందుకే సేవ్ కాని ఫారం మూసేముందు యాప్ ఒక్క మాట అడగాలి.

రేపు యాప్‌లు రాసేది మనమే. పొరపాటు దిద్దుకునే దారి మనమే ఉంచుదాం.