రెండు పద్దులు

"థైరాయిడ్ మాత్ర వేసుకుంటూనే వున్నాను గదా, ఒళ్ళు తగ్గదేమి?"

ఈ ప్రశ్న యీమధ్య మాకు తరచుగా వినబడుతున్నది. సంఘం వారి ఉగాది విందులో వినబడింది. పెళ్ళిపందిట్లో వినబడింది. ఆఫీసులో పక్క బల్ల దగ్గర తమిళంలో వినబడింది. అడిగేవారు చాలావరకు ఆడవారే. ఈ జబ్బు మగవారికంటే ఆడవారికి అనేక రెట్లు యెక్కువగా వస్తుంది కనుక అందులో వింత లేదు.

మేము వైద్యులము కాము. లెక్కలు రాసుకొని బ్రతికే గుమాస్తాలము. ఏ ఖర్చు యే పద్దు కింద పడాలో చూడడం మా పని. ఈ బరువు విషయంలోనూ రెండు పద్దులున్నవి. ఒకటి గ్రంథి పద్దు, రెండవది వంటింటి పద్దు. రెండూ కలిపి ఒకే చోట రాసుకోవడం వల్లనే పై ప్రశ్న పుడుతున్నదని మా అభిప్రాయం. అందుచేత యీ నెల వాటిని విడదీసి చూద్దాము.

మెడ ముందు భాగంలో, గొంతుముడికి కిందుగా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలాగా థైరాయిడ్ గ్రంథి వుంటుంది. పాఠ్యపుస్తకాలలో దీనిని అవటు గ్రంథి అన్నారు గాని, ఆ పేరు యిళ్ళలో వాడుకకు రాలేదు. ఈ గ్రంథి థైరాక్సిన్ అనే రసాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. శరీరమనే పొయ్యి యెంత మంట మీద మండాలో చాలావరకు నిర్ణయించేది అదే. రసం తక్కువైతే మంట తగ్గుతుంది. చలికి ఓర్వలేకపోవడం, నిద్ర లేవగానే అలసట, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, గొంతు బొంగురుపోవడం, కనురెప్పల వాపు, నెలసరి యెక్కువ కావడం, మతిమరుపు, యివన్నీ దాని గుర్తులు. మెదడు అడుగున వున్న పీయూష గ్రంథి "యింకా రసం పంపించు" అని టి.ఎస్.హెచ్. అనే తాకీదు పంపుతుంది. థైరాయిడ్ పని మందగించినకొద్దీ తాకీదులు పెరుగుతవి. పరీక్ష కాగితంలో ఆ అంకె పెద్దదిగా కనబడటానికి కారణం యిదే. పెద్దవారికి సాధారణంగా అది సుమారు 0.4కు 4కు మధ్య వుంటుంది. పరీక్షశాలను బట్టి కొంచెం అటూ యిటూ.

ఈ జబ్బుకు మందు దొరికి నూరేళ్ళు దాటింది. 1891లో యింగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జి మర్రే అనే డాక్టరుగారు 46 యేళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా యిచ్చారు. మంచాన పడవలసిన ఆ మనిషి కోలుకొని, 1919 దాకా, మరి 28 యేళ్ళు బ్రతికింది. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను శుద్ధరూపంలో వేరుచేశారు. ఇప్పుడు మన యిళ్ళలోని సీసాలలో వున్నది కర్మాగారంలో చేసిన అదే పదార్థం. అంటే యిది పైనుంచి తెచ్చిన కొత్త మందు కాదు. ఒంట్లో లోటు పడిన సరుకును ఒంటికి తిరిగి యివ్వడమే. ఈ మాట గట్టిగా పట్టుకుంటే సగం అపోహలు పోతవి.

ఇక మొదటి పద్దు. గ్రంథి మందగించినందువల్ల పెరిగే బరువెంత? సాధారణంగా 5 నుంచి 10 పౌండ్లు అని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ వారు చెబుతారు. మన లెక్కలో రెండు నుంచి నాలుగున్నర కిలోలు. అందులోనూ యెక్కువ భాగం కొవ్వు కాదు. ఒంట్లో నిలిచిపోయిన వుప్పూ నీరూ. మాత్ర సరిపడా పడితే దిగేది యీ బరువే. 80 కిలోల మనిషి మాత్రతో 76కు రావచ్చును. 60కి రావాలంటే అది మాత్ర చేతిలో లేదు. గ్రంథి తాను తెచ్చిన అప్పు తీర్చివేసింది. మిగిలినది వేరే పద్దు.

ఈ తేడా తెలియక యెంత ప్రమాదం వస్తుందో మా వదినగారి విషయంలో చూశాము. ఆమెకు 52 యేళ్ళు. జబ్బు బయటపడ్డప్పుడు టి.ఎస్.హెచ్. 38, బరువు 81. రోజుకు 100 మైక్రోగ్రాముల మాత్ర నిలకడగా పడ్డాక అంకె 3కు దిగింది, బరువు 77కు వచ్చి ఆగింది. అలసట పోయింది, గొంతు బాగుపడింది. డాక్టరమ్మకు తృప్తి, వదినగారికి లేదు. కారణం చుట్టాల నోళ్ళు. తమిళంలో గుండు అంటే లావు మనిషి, తెలుగులో బోడితల. పెళ్ళిళ్ళలో యీ రెండర్థాలతోనూ ఆమె మీద హాస్యాలు పేలినవి. లావుకు లావు, పైగా జుట్టు రాలుతున్నదని.

అటువంటి ఒక పెళ్ళిలోనే యెవరో పెద్దావిడ, "ఒకటి వేస్తే నాలుగు కిలోలు తగ్గావు గదమ్మా, రెండు వేసి చూడు" అని సలహా చెప్పింది. వదినగారు యెవరికీ చెప్పకుండా అయిదు వారాలు రోజుకు రెండేసి మాత్రలు వేసుకున్నారు. రెండు కిలోలు తగ్గిన మాట నిజమే. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, కూర్చున్నచోటనే గుండె దడ మొదలైనవి. ఒక రాత్రి నాడి నిమిషానికి 120 దాటితే మా అన్నయ్య కొడుకు ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. డాక్టరమ్మ సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టి విషయం పట్టేసింది. "మీరు తగ్గింది కొవ్వొక్కటే కాదమ్మా, కండ కూడా కరిగింది. ఇంకొన్నాళ్ళు పోతే గుండె లయ తప్పును, యెముకలు గుల్లబారును" అని తమిళంలో నెమ్మదిగా చెప్పింది.

ఇంటికి వచ్చాక వదినగారు మాతో అన్న మాట యిది: "ఏమయ్యా, రోగం నయమైందని డాక్టరు అంటున్నది, నన్ను చూసి నవ్వేవాళ్ళు మాత్రం నయం కాలేదు. నేను యెవరి మాట వినాలి?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది ఆమె కాదు, మనమందరము.

ఇటువంటి పొరపాటు ఆమెతో మొదలైనది కాదు. 1960ల దాకా అమెరికాలో బరువు తగ్గడానికని రంగురంగుల మాత్రలు అమ్మేవారు. వాటిలో థైరాయిడ్ కూడా కలిపేవారు. మరణాలు సంభవించిన మీదట 1968లో అక్కడి ప్రభుత్వం వాటి మీద చర్య తీసుకున్నది. ఈనాటికీ అక్కడ థైరాక్సిన్ మందు వెంట వచ్చే కాగితంలో, యిది బరువు తగ్గడానికి వాడరాదని పెట్టె గీసి హెచ్చరిక ముద్రించాలి.

మాత్ర రెట్టింపు చేయడం యెంత తప్పో, వేసుకున్న మాత్రను వృథా చేసుకోవడమూ అంతే నష్టం. దీనికి కొన్ని నియమాలున్నవి. పొద్దున పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. తరువాత అరగంట నుంచి గంట దాకా యేమీ తినరాదు. మన యిళ్ళలో కష్టమంతా యిక్కడే వున్నది. ఫిల్టరు కాఫీ వాసన తగిలిందంటే గంట ఆగడం తపస్సే. కాఫీతో కలిస్తే మందు వంటికి సరిగా పట్టదు. ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు నాలుగు గంటల యెడంగా వుంచాలి. రాగి అంబలి మంచిదే, అందులో కాల్షియం దండిగా వున్నది. మాత్ర వేసుకున్న వెంటనే మాత్రం తాగవద్దు. థైరాక్సిన్‌లో సగం వంటినుంచి పోవడానికి సుమారు వారం పడుతుంది. కాబట్టి మోతాదు మార్చిన తరువాత ఆరు నుంచి యెనిమిది వారాలకు గాని పరీక్షలో నిజం తెలియదు. పది రోజులకే పరీక్ష చేయించుకొని దిగులుపడేవారు డబ్బు దండుగ చేసుకుంటున్నారు. కడుపుతో వున్నవారికి మోతాదు సాధారణంగా పెంచవలసి వస్తుంది. నెల తప్పిన వెంటనే డాక్టరుకు చెప్పడం బిడ్డ మెదడుకు మేలు.

ఉప్పు సంగతి కూడా ఒక మాట. ఈమధ్య కొందరు ఆరోగ్యానికని అయొడిన్ వుప్పు మాని సైంధవ లవణం వాడుతున్నారు. మన వీధుల్లో దాన్ని ఇందుప్పు అంటారు. అందులో అయొడిన్ అతి స్వల్పం. అయొడిన్ వుప్పు వెనుక మన తెలుగువాడి శ్రమ కూడా వున్నది. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు 1956లో హిమాలయాల పాదంలోని కాంగ్రా లోయలో వుప్పుకు అయొడిన్ కలిపి యిచ్చి చూసే పరిశోధన ప్రారంభించారు. గొంతు వాపులు బాగా తగ్గినవి. 1962లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. అయితే పెరిగిన వారికి యింకా యెక్కువ అయొడిన్ తింటే నయమవుతుందనుకోవడం పొరపాటు. అయొడిన్ చాలినన్ని చోట్ల జబ్బుకు ముఖ్య కారణం వేరు. ఒంటిలోని రక్షక బలమే గ్రంథి మీద తిరగబడుతుంది. 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించినది యిదే. మామూలు వుప్పు మామూలుగా వాడుకుంటే చాలును. వండిన క్యాబేజీ, కాలీఫ్లవరు మామూలు పాళ్ళలో తినవచ్చును. వాటికి భయపడి కూరలు మానుకోనక్కరలేదు.

ఇక రెండవ పద్దు, వంటింటిది. టి.ఎస్.హెచ్. సరిగా వున్న మనిషి బరువు తగ్గే తీరు, థైరాయిడ్ లేని పక్కింటావిడ తగ్గే తీరు ఒక్కటే. ఇది చేదు మాటగా తోచినా, నిజానికి ధైర్యం చెప్పే మాట. దారి మూసుకుపోలేదన్న మాట.

లెక్క చూడండి. ఒక లీటరు నూనెలో సుమారు 8,200 క్యాలరీలు. నలుగురున్న యింట్లో నెలకు ఒక లీటరు తగ్గిస్తే మనిషికి రోజుకు 70 దాకా మిగులు. కాఫీలో రెండు చెంచాల చక్కెర 40 క్యాలరీలు. రోజుకు నాలుగు కాఫీలు తాగేవారు చక్కెర మానితే 160. రాత్రి అన్నంలో 30 గ్రాముల బియ్యం తగ్గితే సుమారు 100. మొత్తం 330. ఒక కిలో కొవ్వు సుమారు 7,700 క్యాలరీలనుకుంటే, కాగితం మీద నెలకు కిలోకు పైగా తగ్గాలి. ఒళ్ళు కాగితం కాదు గనుక కొంచెం తక్కువే తగ్గుతుంది, రానురాను యింకా నెమ్మదిస్తుంది. అన్నం మాని రాగి సంగటి తింటే సన్నబడతామని మనలో నమ్మకమున్నది. పిండికి పిండి, బియ్యానికి బియ్యం తూస్తే క్యాలరీలలో పెద్ద తేడా లేదు. సంగటిలో పీచు వున్నది గనుక కడుపు నిండుతుంది, అంతవరకే. పప్పు, గుడ్డు, మజ్జిగ, ఆకుకూర పళ్ళెంలో పెరిగితే అన్నం దానంతటదే తగ్గుతుంది.

నడక వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. రెండు రోజులు కండలకు పని కల్పించాలని కూడా చెప్పారు. కుర్చీలో కూర్చొని లేవడం పదిసార్లు చేసినా ఆరంభానికి సరిపోతుంది. బరువులో నూటికి అయిదు వంతులు తగ్గినా రక్తపోటుకు, చక్కెరకు మేలు జరుగుతుంది. 77 కిలోల మనిషికి అది నాలుగు కిలోల లోపు.

వదినగారు యిప్పుడు 73 దగ్గర వున్నారు. ఏడాది పట్టింది. అయితే ఆ యేడాదిలో మారినది ఆమె ఒక్కరే కాదు. మా అన్నయ్య సాయంత్రం ఆమెతో నడుస్తున్నాడు. ఆ యింట్లో నూనె అందరికీ తగ్గింది. ఒకే వంట వండి, అందరికీ వేపుళ్ళు వడ్డించి, ఆమె ఒక్కతె పస్తుండాలంటే యే మనిషికీ సాధ్యం కాదు. పొద్దున ఆమె మాత్ర వేసుకున్న గంట దాకా యింట్లో యెవరూ కాఫీ కలపరు. ఇది ఆ యింటివారు తమంతట తాము పెట్టుకున్న చట్టం.

కనుక పాఠక సోదరీమణులకు మా మనవి: పరీక్ష కాగితంలో అంకె సరిపడితే మాత్ర తన పని తాను చేసిందని నమ్మండి, తగ్గలేదని మానవద్దు, తగ్గాలని పెంచవద్దు. సోదరులకు మా మనవి: లావుగా వున్న మనిషిని చూసి తిండిబోతు అనే ముందు, సోమరి అనే ముందు, ఆమె మెడలోని గ్రంథిని పరీక్ష చేయించారా అని అడగండి. చేయించి వుంటే, సాయంత్రం చెప్పులు తొడుక్కొని ఆమె వెంట నడవండి. ఈ రెండవ పద్దులో యింటిల్లిపాదికీ భాగమున్నది.